వేగమైన కారు: కొన్న తరువాత లెక్క

మన దగ్గర ఎవరైనా కారు తీశారంటే చుట్టాలు, పక్కింటివాళ్లు, ఆఫీసు మిత్రులు అందరూ మొదట అడిగేది ఒక్కటే: మైలేజీ ఎంత ఇస్తుంది? స్విఫ్ట్ కొన్నవాళ్లనూ అదే అడుగుతారు, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ కొన్నవాళ్లనూ అదే అడుగుతారు. మొదటివాళ్ల విషయంలో ఆ ప్రశ్న సరిపోతుంది. మామూలు కారు వదిలి పికప్ ఉన్న కారుకు మారదామనుకునేవాళ్లను మాత్రం అది దారి తప్పిస్తుంది. పెట్రోలు ఖర్చు పెరిగే మాట నిజమే. కానీ పెరిగే మొత్తంలో దాని వాటా చాలా చిన్నది. టైర్లు, ఇన్సూరెన్సు, విడిభాగాలు, వీటన్నిటినీ మించి అమ్మే రోజున పోయే విలువ, ఇవీ అసలు ఖర్చులు. వీటి లెక్క వేసుకోకుండా ఈఎంఐ ఒక్కటీ చూసుకుని కారు కొని, రెండో ఏడాదికే అమ్మకానికి పెడుతున్నవాళ్లు తక్కువమందేమీ కాదు. అందుకే ఈ ఖర్చులన్నీ ఒకచోట పెట్టి చూడటం అవసరం.

కోట్లు పోసి కొనే ఫెరారీల గురించి నేను మాట్లాడటం లేదు. మధ్యతరగతి ఉద్యోగి కొంచెం సాహసిస్తే అందే కార్ల గురించే చెబుతున్నాను. అలాంటివి మన దేశంలో పాతికేళ్లుగా వస్తూనే ఉన్నాయి. 2001లో ఫియట్ పాలియో 1.6 వచ్చింది. 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ మన మార్కెట్‌కు టర్బో పెట్రోలు ఇంజిన్‌ను పరిచయం చేసింది. 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2015లో అబార్త్ పుంటో వచ్చాయి. ఆ తరువాత వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, టాటా ఆల్ట్రోజ్ రేసర్ మొదటి మెట్టు. 150 హార్స్‌పవర్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ రెండో మెట్టు. 2025లో విదేశాల్లో తయారై వచ్చిన 265 హార్స్‌పవర్ గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్ఎస్ ఆ పై మెట్టు. చెన్నైలో బిగించే బీఎండబ్ల్యూ ఎం340ఐ ఇంకా పైన ఉంటుంది. మెట్టు మారినప్పుడల్లా ఖర్చు ఒకే తీరులో పెరగదు. మొదటి రెండు మెట్ల మధ్య కొంచెమే పెరుగుతుంది. రెండో మెట్టు దాటగానే ఒక్కసారిగా ఎగబాకుతుంది.

అందరూ అడిగే పెట్రోలుతోనే మొదలుపెడదాం. 2024 మార్చిలో ధర తగ్గించాక హైదరాబాదులో లీటరు 107 రూపాయల చిల్లరకు వచ్చింది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే మనిషిని తీసుకుందాం. కంపెనీ చెప్పే మైలేజీ పక్కన పెట్టి ఊళ్లో, హైవే మీద కలిపి నిజంగా వచ్చేది చూస్తే స్విఫ్ట్ లీటరుకు 16 ఇస్తుందనుకోవచ్చు. వర్టస్ జీటీ 13, జీటీఐ 10 ఇస్తాయి. అంటే ఏడాదికి స్విఫ్ట్‌కు 80 వేలు, వర్టస్‌కు లక్షకు కాస్త తక్కువ, జీటీఐకి లక్షా 29 వేలు. స్విఫ్ట్ నుంచి జీటీఐకి దూకినా పెట్రోలు మీద అదనంగా పడేది యాభై వేల లోపే.

ఈ లెక్క యాక్సిలరేటర్ మీది కాలిని బట్టి మారుతుంది. నేటి టర్బో ఇంజిన్ నిదానంగా నడిపితే చిన్న ఇంజిన్‌లాగే తక్కువ తాగుతుంది, కాలు నొక్కితే పెద్ద ఇంజిన్‌లా తాగుతుంది. గాలి అడ్డగించే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 80లో వెళ్లే కారు 120 అందుకుంటే ఆ బలం రెండుంపావు రెట్లవుతుంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద కుడివైపు లేన్లలో పరిమితి 120. అదే వేగాన్ని పట్టుకుని రోజూ ఆఫీసుకు వెళ్లే వ్యక్తికీ, 90లో వెళ్లే వ్యక్తికీ ఒకే కారు వేర్వేరు మైలేజీ ఇవ్వడంలో వింత లేదు. హైటెక్ సిటీ సాయంత్రం ట్రాఫిక్‌లోనే ఎక్కువ కాలం గడిస్తే జీటీఐ తరహా కారు 7కు పడిపోవచ్చు. అప్పుడు ఏడాది పెట్రోలు లక్షా 80 వేలు దాటుతుంది.

దీనికి తోడు ఆక్టేన్ గొడవ ఒకటి ఉంది. వేగమైన టర్బో ఇంజిన్లలో చాలావాటికి 95 ఆక్టేన్ కావాలని పెట్రోలు మూత లోపలే రాసి ఉంటుంది. మన పాత మామూలు పెట్రోలు 91. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు మాత్రం ప్రమాణాల ప్రకారమే కనీసం 95 ఆక్టేన్ ఉండాలి. కాబట్టి ఆక్టేన్ కోసమే ప్రతిసారీ ప్రీమియం పెట్రోలు కొట్టించాల్సిన అవసరం మునుపటంత లేదు. మాన్యువల్‌లో కంపెనీ 98 అడిగితే అది వేరే సంగతి. ఇథనాల్‌తో మైలేజీ కొంత తగ్గే మాట ప్రభుత్వమే ఒప్పుకుంది. తగిన ట్యూనింగ్ ఉన్న కార్లలో 1 నుంచి 2 శాతం, మిగతావాటిలో 3 నుంచి 6 శాతం తగ్గుతుందని 2025లో పెట్రోలియం శాఖ చెప్పింది. పాత టర్బో కారు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఆ కారు ఈ పెట్రోలుకు తగినదో కాదో ముందే కంపెనీ దగ్గర కనుక్కోవాలి. ఇంధన పైపులు, రబ్బరు సీళ్లు పాతకాలపువైతే ఖర్చు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక టైర్ల సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. కారు మారినవాళ్లలో ఎక్కువమందికి మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే. స్విఫ్ట్ పై వేరియంట్‌కు 185/65 ఆర్15 టైరు వస్తుంది. అందులో 65 అంటే టైరు వెడల్పులో పక్కగోడ ఎత్తు 65 శాతం అని. లెక్క వేస్తే 120 మిల్లీమీటర్లు. జీటీఐ తరహా కార్లకు వచ్చే 225/40 ఆర్18 టైరు పక్కగోడ ఎత్తు 90 మిల్లీమీటర్లే. ఆ తగ్గిన 30 మిల్లీమీటర్ల వల్లే మలుపులో కారు పట్టాలెక్కినట్టు తిరుగుతుంది. మన గుంతలో పడినప్పుడు టైరు పక్కన బుడగ రావడానికీ, అల్లాయ్ రిమ్ము వంగడానికీ కారణం కూడా అదే. పక్కగోడకు బుడగ వచ్చిన టైరును పంక్చర్ షాపులో అతికించి వాడలేం, మార్చి తీరాలి. ఒక టైరు మారిస్తే అదే యాక్సిల్ మీద జంట టైరును కూడా మార్చడం క్షేమం. నాలుగు చక్రాలకూ శక్తి అందే కార్లలో నాలుగూ దాదాపు సమానంగా అరిగి ఉండాలి. ముందు ఒక సైజు, వెనుక ఒక సైజు ఉన్న కార్లలో ముందువి వెనక్కి, వెనుకవి ముందుకి మార్చుకుని ఆయుష్షు పొడిగించుకునే వీలు కూడా ఉండదు.

ధరలు చూడండి. స్విఫ్ట్ టైరు ఒక్కోటి అయిదు, ఆరు వేల దగ్గర వస్తుంది. మంచి కంపెనీ 18 అంగుళాల తక్కువ ప్రొఫైల్ టైరు పన్నెండు వేల నుంచి పద్దెనిమిది వేల దాకా పలుకుతుంది, 19 అంగుళాలకు పోతే ఇంకా పైకి. పట్టు ఎక్కువ ఉండే టైరు మెత్తటి రబ్బరుతో చేస్తారు కాబట్టి త్వరగా అరుగుతుంది. మామూలు టైర్లు 45 వేల కిలోమీటర్లు వస్తే ఇవి పాతిక వేలు రావడం మంచి లెక్కే. కిలోమీటరుకు చూస్తే స్విఫ్ట్ టైర్లకు అర్ధరూపాయి, జీటీఐ టైర్లకు రెండున్నర రూపాయలు. అంటే అయిదు రెట్లు. పెట్రోలు ఒకటిన్నర రెట్లు పెరిగిందని బాధపడేవాళ్లు ఈ అయిదు రెట్ల సంగతి లెక్కలోకే తీసుకోరు.

టైరు మీది అక్షరం గురించి కూడా ఒక మాట. హెచ్ అంటే 210, వీ అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే గంటకు 300 కిలోమీటర్ల వేగానికి తట్టుకునే టైరని అర్థం. మన రోడ్ల మీద ఎలాగూ అంత వేగం పోం కదా అని డబ్ల్యూ ఉన్నచోట హెచ్ వేయించి డబ్బు మిగుల్చుకునేవాళ్లున్నారు. అది పొదుపు కాదు. ఆ అక్షరం వేగంతో పాటు టైరు నిర్మాణాన్నీ, వేడికి తట్టుకునే గుణాన్నీ చెబుతుంది. పదిహేను వందల కిలోల బరువున్న కారును హైవే మీద గట్టిగా బ్రేకు వేసి ఆపాల్సిన క్షణంలో ఆ తేడా తెలుస్తుంది. టైరు దగ్గర రాజీపడేటట్టయితే వేగమైన కారు జోలికి పోకపోవడమే మేలు.

బ్రేకుల మాటా అంతే. కదిలే కారులో ఉండే శక్తి కూడా వేగపు వర్గాన్ని బట్టే పెరుగుతుంది. దాన్ని ఆపేది ప్యాడూ డిస్కూ. వేగమైన కార్లకు పెద్ద డిస్కులు, గట్టిగా పట్టే ప్యాడ్లు ఇస్తారు. చాలా మామూలు కార్లలో వెనుక డ్రమ్ బ్రేకులు ఉంటాయి, అవి ఏళ్ల తరబడి కదిలించాల్సిన పని ఉండదు. పై మెట్ల కార్లలో నాలుగు వైపులా డిస్కులే. రెండు మూడు సార్లు ప్యాడ్లు మార్చేసరికి డిస్కులు కూడా అరిగిపోయి కొత్తవి అడుగుతాయి.

ఇన్సూరెన్సులో మన చట్టం చేసే పని విచిత్రంగా ఉంటుంది. థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కేంద్రం నిర్ణయిస్తుంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, 1500 లోపు 3,416, ఆపైన 7,897. ఇంజిన్ పరిమాణం తప్ప వేగం ఎవరూ చూడరు. అందువల్ల 998 సీసీ టర్బోతో 120 హార్స్‌పవర్ ఇచ్చే ఐ20 ఎన్ లైన్‌కు కట్టేది, 82 హార్స్‌పవర్ స్విఫ్ట్‌కు కట్టేదానికన్నా తక్కువ. 1498 సీసీ వర్టస్ జీటీకి స్విఫ్ట్‌తో సమానం. మూడు లీటర్ల ఎం340ఐకి ఇన్నోవా డీజిల్‌తో సమానం. పన్నులో కూడా ఇదే పోకడ: 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతం, మిగతా పెట్రోలు కార్లకు 40 శాతం. వేగం కావాలి, ఖర్చు అదుపులో ఉండాలి అనుకునేవాళ్లకు చిన్న టర్బో కార్లు ఎందుకు అనువైనవో ఈ రెండు నిబంధనలే చెబుతాయి.

బ్రిటన్‌లో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఏళ్లుగా కార్లను 1 నుంచి 50 వరకు ఇన్సూరెన్సు గ్రూపులుగా విడదీస్తున్నారు. వేగం, విడిభాగాల ధర, రిపేరుకు పట్టే సమయం అన్నీ కలిపి గ్రూపు నిర్ణయిస్తారు. దాని మీద డ్రైవరు వయసు, ఇంటి పిన్‌కోడు కూడా ప్రీమియాన్ని మారుస్తాయి. పాతికేళ్లు నిండని కుర్రాడు హాట్ హ్యాచ్ (వేగమైన చిన్న కారు) కొంటే ఇన్సూరెన్సే కొండెక్కి కూర్చుంటుంది.

మన దగ్గర అసలు భారం సొంత కారుకు చేయించుకునే ఓన్ డ్యామేజ్ భాగంలో ఉంది. అది కారు విలువను బట్టి ఉంటుంది. ఇన్సూరెన్సు లెక్కలో హైదరాబాదు ‘ఏ’ జోన్‌లో ఉంది కాబట్టి ‘బీ’ జోన్‌లోని విజయవాడ, విశాఖ, వరంగల్ కన్నా కాస్త ఎక్కువ. యాభై లక్షల కారుకు బంపర్ టు బంపర్ పాలసీ తీసుకుంటే ఏడాదికి లక్ష రూపాయలు దాటడం మామూలే. వేగమైన కారుకు ఆ కవరు లేకుండా ఉండకూడదు కూడా. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం డబ్బు మనమే పెట్టుకోవాలి, ఈ కార్ల బంపర్లన్నీ ప్లాస్టిక్కే. కారు కిందికి ఉంటుంది కాబట్టి వానాకాలంలో ఇంజిన్‌లోకి నీళ్లు పోయే ప్రమాదం ఎక్కువ, మామూలు పాలసీలో ఆ నష్టానికి సాధారణంగా డబ్బు రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ విడిగా తీసుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాది 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ప్రీమియం పెద్దదైనప్పుడు ఆ సగం కూడా పెద్దదే. రిమ్ము గీసుకుంటే క్లెయిమ్‌కు వెళ్లకుండా చేతి నుంచి పెట్టుకోవడమే చాలాసార్లు లాభం.

సర్వీసు ఖర్చుకు మాత్రం జనం కొంచెం ఎక్కువగానే భయపడుతున్నారు. జీటీఐలోని రెండు లీటర్ల టీఎస్ఐ టర్బో ఇంజిన్‌కు 5.7 లీటర్ల ఆయిల్ పడుతుంది, అదీ నిర్దిష్ట ప్రమాణానికి సరిపడే సింథటిక్ ఆయిలే వాడాలి. మారుతీలో 10,000 కిలోమీటర్లకు వచ్చే సర్వీసు ఈ కార్లలో 15,000కు వస్తుంది కాబట్టి తేడా కొంత సర్దుకుంటుంది. అయితే గేర్‌బాక్సు ఆయిల్‌ను మరిచిపోకూడదు. తడి క్లచ్ ఉన్న డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు దాదాపు 60,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. కారు చేతులు మారేది కూడా సరిగ్గా ఆ దూరంలోనే. ఆ పని చేయించకుండా అమ్మేసినవాళ్ల బిల్లు కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది. విదేశాల్లో తయారై వచ్చిన కార్లకు హెడ్‌ల్యాంపు పగిలితే ధర ఒక బాధ, అది ఓడలో వచ్చేదాకా కారు షెడ్డులో ఉండటం ఇంకో బాధ.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ఖర్చుకు వద్దాం. అది జేబులోంచి నెలనెలా పోదు కాబట్టి ఎవరూ లెక్కించరు. ఇన్సూరెన్సు కంపెనీలు వాడే పట్టిక ప్రకారం కారు విలువ అయిదో ఏట సగానికి పడుతుంది. 8 లక్షల స్విఫ్ట్‌కు అయిదేళ్లలో పోయేది 4 లక్షలు, ఏడాదికి 80 వేలు. 53 లక్షల జీటీఐకి పోయేది ఇరవై ఆరున్నర లక్షలు, ఏడాదికి 5 లక్షల 30 వేలు. దీని మీద తెలంగాణలో లైఫ్ ట్యాక్సు శాతం కారు ధరతో పాటు పెరుగుతుంది. ఆ కారుకు అది పది లక్షల చుట్టూ తేలుతుంది. అందులో ఒక్క రూపాయి కూడా అమ్మేటప్పుడు విడిగా చేతికి రాదు. అభిమానులున్న కార్లకు రీసేల్ బాగుంటుందనే మాటలో కొంత నిజముంది, పాత ఆక్టేవియా ఆర్ఎస్‌కు ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. కానీ దాని మీద ఆశ పెట్టుకుని కొనకండి. 2016లో 99 పోలో జీటీఐలు 25.99 లక్షల ధరతో వచ్చాయి. కొన్ని నెలలకే కంపెనీయే ధరను 6 లక్షల మేర తగ్గించింది. మొదట కొన్నవాళ్ల కారు విలువ వాళ్ల ప్రమేయం లేకుండానే పడిపోయింది.

లైఫ్ ట్యాక్సు వదిలి మిగతావన్నీ కూడితే, ఏడాదికి 12,000 కిలోమీటర్లకు నా అంచనా ఇది: స్విఫ్ట్‌కు రెండు లక్షల లోపు, అంటే కిలోమీటరుకు 16 రూపాయలు. వర్టస్ జీటీకి మూడు లక్షల ముప్ఫై వేలు, కిలోమీటరుకు 28. జీటీఐకి ఎనిమిదిన్నర లక్షలు, కిలోమీటరుకు 71. స్విఫ్ట్‌కూ జీటీఐకీ మధ్య ఆరున్నర లక్షల తేడాలో పెట్రోలు వాటా యాభై వేలు కూడా లేదు. మైలేజీ ప్రశ్న ఎందుకు పనికిరాదన్నానో ఇప్పుడు తెలిసే ఉంటుంది. మారనిది ఒక్క టోలే. కార్లన్నిటికీ ఒకే రేటు, 2025లో మూడు వేల రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ కూడా అందరికీ ఒకటే.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే విలువ పడిపోయే బాధ తప్పుతుంది కదా అని అడగవచ్చు. తప్పుతుంది. అదే పెద్ద ఉచ్చు కూడా. నలభై లక్షల కారు ఎనిమిదేళ్ల తరువాత పది లక్షలకు దొరుకుతుంది కానీ, దాని టైరు, బ్రేకు డిస్కు, టర్బో, సస్పెన్షన్ ఇప్పటికీ నలభై లక్షల కారు ధరలోనే దొరుకుతాయి. పైగా అవన్నీ మార్చాల్సిన వయసుకు కారు అప్పటికే చేరి ఉంటుంది. కుర్రవాళ్లు పది లక్షల లోన్ తీసుకుని పాత జర్మన్ కారు కొని, మొదటి పెద్ద రిపేరుకు క్రెడిట్ కార్డు గీకడం చూస్తే నాకు నిజంగా దిగులేస్తుంది. అలా కొనదలిస్తే కారు ధరలో అయిదో వంతు విడిగా బ్యాంకులో పెట్టుకుని కొనాలి. సర్వీసు రికార్డు పూర్తిగా లేని కారును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.

ఉన్న కారుకే రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి హార్స్‌పవర్ పెంచుకోవడం చవక దారిగా కనిపిస్తుంది. చేయించే రోజున చవకే. ఆ తరువాత వారంటీ పోతుంది, క్లచ్, టర్బో ఆయుష్షు తగ్గుతుంది, ఇన్సూరెన్సు క్లెయిమ్‌కు చిక్కులొస్తాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా పడవచ్చు. నా దృష్టిలో ఇది కారు మారడం కన్నా ఖరీదైన దారి.

కరెంటు కార్లు ఈ లెక్కను కొంత తిరగరాశాయి. మహీంద్రా బీఈ 6లో 286 హార్స్‌పవర్ ఇచ్చే రకం 6.7 సెకన్లలో 100 అందుకుంటుంది. అది రాకముందు ఆ వేగానికి చాలా ఎక్కువ ధర పెట్టాల్సి వచ్చేది. ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే కిలోమీటరుకు రెండు రూపాయల లోపే. జీఎస్టీ 5 శాతం. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను మినహాయింపు. ఇంజిన్ ఆయిల్ లేదు, బ్రేకు ప్యాడ్లు కూడా నిదానంగా అరుగుతాయి. టైర్లు మాత్రం ఇక్కడా తప్పించుకోలేని ఖర్చే. బ్యాటరీ బరువు, కాలు పెట్టగానే అందే టార్క్ కలిసి వాటిని త్వరగా తినేస్తాయి. రీసేల్ ఎలా ఉంటుందో తేలడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. ఇంటి దగ్గర చార్జింగ్ సౌకర్యం ఉండి, ఇంజిన్ శబ్దం మీద మమకారం లేనివాళ్లకు వేగానికి ఇంతకన్నా చవక దారి ప్రస్తుతం లేదు.

వేగమైన కారు ఇచ్చే ఆనందాన్ని నేను తక్కువ చేయడం లేదు. రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటేటప్పుడు ఎదుటి దారిలో గడిపే సమయం సగమవడం భద్రతే. శ్రీశైలం ఘాట్‌లో మంచి బ్రేకులు, మంచి టైర్లు ఉన్న కారు నడపడం జీవితంలో గుర్తుండే సుఖం. నెలకు ముప్ఫై వేల దాకా కారు మీద పెట్టగలిగే కుటుంబానికి నా సలహా ఒకటిన్నర లీటర్ల టర్బో దగ్గర ఆగమని. ఆ మెట్టులో వేగం దాదాపు కావలసినంత ఉంటుంది, విడిభాగాల్లో చాలావరకు ఇక్కడే తయారవుతాయి, గుంతను చూసిన ప్రతిసారీ గుండె ఆగదు. ఆ పై మెట్టు ఎక్కదలిస్తే బుకింగ్ అడ్వాన్సు కట్టే ముందు షోరూం పక్కనే ఉన్న సర్వీసు కౌంటరుకు వెళ్లండి. ఒక టైరు, ముందు బ్రేకు డిస్కుల జత, ఒక హెడ్‌ల్యాంపు, గేర్‌బాక్సు ఆయిల్ సర్వీసు, ఈ నాలుగింటి ధర కాగితం మీద రాయించుకోండి. ఆ మొత్తాన్ని అప్పు చేయకుండా ఏ నెలలోనైనా కట్టగలిగితేనే అడ్వాన్సు ఇవ్వండి.